ఉస్తాద్ పోయాడు, బోర్డు దిగలేదు

"చోరీ బండ్లకు రంగులేసే దుకాణం ఈ ఊర్లో ఉన్నది, జాగ్రత్త" అని రాసిన రేకు బోర్డు కిందనుంచే మా ఉస్తాద్ జనాజా పోయింది. మోసినవాళ్లలో నేనూ ఉన్నాను. సైకిల్ స్టాండు దగ్గర దారి ఇరుకు. భుజాలు మార్చుకోవడానికి అక్కడ ఒక నిమిషం ఆగాల్సి వచ్చింది. ఆ నిమిషం సేపు బోర్డు సరిగ్గా ఉస్తాద్ తల మీద ఉంది. స్టాండు నడిపే సేటు కుర్చీలోంచి లేచి, కండువా సర్దుకుని, చేతులు జోడించాడు. ఇంటికి పూల చాదర్ కూడా పంపించాడు. బోర్డు మాత్రం దించలేదు. నేటికీ దించలేదు.

పేపరుకు రాసే సంస్మరణను మంచి మాటతో మొదలుపెట్టాలని గ్రంథాలయంలో పేపర్లు సర్దే పంతులు నాకు చెప్పాడు. మంచి మాటలకు కొదవ లేదు, రాస్తాను. కానీ ఆ బోర్డు అక్కడ ఉన్నంతకాలం ఉస్తాద్ గురించి నేను ఏ మంచి మాట రాసినా దాని కిందనే రాసినట్టు ఉంటుంది. ఆయన దొంగబండికి రంగు వేయలేదు. అసలు ఆ దొంగతనమే జరగలేదు. ఇది నాకు తెలుసు, సేటుకు తెలుసు, ఊరిలో సగం మందికి తెలుసు. ఆయన భార్యను మేమంతా చాచీ అంటాం. ఆమె ఆయన రంగుల దుకాణం మళ్లీ తెరవాలనుకుంటున్నది. బోర్డు ఉండగా ఒక్క బండి కూడా ఆ గడప ఎక్కదు. ఇది రాస్తున్నది అందుకే. ఇందులో నా తప్పు కూడా ఉంది. అదీ రాస్తాను, దాచను.

ఉస్తాద్ పోయి నలభై రోజులు దాటాయి. కబురు వచ్చినప్పుడు నేను సాంచెల మధ్య ఉన్నాను. మా షెడ్డులో కరెంటు మగ్గాలు మోగుతుంటే పక్కవాడి కేక కూడా వినబడదు. అందుకని చేతులతోనే మాట్లాడుకుంటాం. దారం తెగిందంటే ఒక సైగ, చాయ్ తాగుదామంటే ఒక సైగ. ఆ పొద్దున గుమ్మం దగ్గర నిలబడిన వాడు గాలిలో కుంచెతో పొడుగు గీత గీసినట్టు చెయ్యి ఆడించి, తర్వాత అరచేతిని బోర్లించాడు. అంతే. ఆ గీతను అలా గీసేవాడు మా ఊళ్లో ఒక్కడే. నేను రెండు సాంచెలూ బంద్ పెట్టి బయటికి వచ్చాను. యజమాని ఏదో అరిచాడు. వినబడలేదు, వినబడినా ఆగేవాణ్ని కాదు.

వేములవాడ రోడ్డు మీద పిండి గిర్ని పక్కన ఉండేది ఆయన దుకాణం. నిజాం కాలంలో కరీంనగర్‌లో టాంగాలకు రంగులు వేసేవాడట. టాంగాలు తగ్గిపోయి సైకిళ్లు వచ్చాక మా ఊరికి వచ్చాడు. మా నేత ఊళ్లో అప్పుడు పది సైకిళ్లు ఉంటే ఎక్కువ. నాకు ఊహ తెలిసేసరికి ప్రతి వాడకూ ఇరవై ముప్పై అయ్యాయి. అన్నీ నలుపే. షెడ్డు గోడకు ఆనించి ఉంచిన నలభై నల్ల బండ్లలో నీది ఏదో చెప్పమంటే, సీటు చిరుగు చూసి చెప్పాల్సిందే. ఉస్తాద్‌కు ఆ నలుపు అంటే పడేది కాదు.

కొత్త సైకిల్ కొనగానే నేను దాన్ని ఇంటికి కూడా తీసుకుపోకుండా ఆయన దగ్గరికి తోలుకొచ్చాను. ఉస్తాద్ దాని ముఖం చూడలేదు, నా ముఖం చూశాడు.

"ఏం పని చేస్తవ్ బేటా?"

"సాంచెలు నడుపుత ఉస్తాద్."

"ఏది, జర తొక్కి చూపియ్. గా మూల దాంక పోయి రా."

"తొక్కుడెందుకు? రంగు గదా ఎయ్యాల్సింది."

"నువ్వెట్ల తొక్కుతవో చూడకుంట నీ బండికి ఏ రంగు ఎయ్యాల్నో నాకెట్ల ఎరుకయితది? పో పో."

పోయి వచ్చాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "నీకు ఎరుపు. మిర్పకాయ ఎరుపు. మడ్‌గార్డులు పసుపు. నువ్వు ఎద్దు పోయినట్టు పోతున్నవ్, ఎదురొచ్చేటోడు దూరంనుంచే తప్పుకోవాలె." దుకాణం ముందు కూర్చున్నవాళ్లంతా నవ్వారు. నాకు కోపం వచ్చింది కానీ ఎరుపు అనగానే ఆ కోపం పోయింది. నా మనసులో ఉన్నదీ అదే.

ఆయన పద్ధతి ఇదీ: రంగుతో ఆగేవాడు కాదు. ఎవరి పనిలోని వస్తువు వాళ్ల బండికి ఎక్కించేవాడు. కల్లు గీసే ఒకాయన బండి వెనక లొట్టి కుండలు కదలకుండా కూర్చునేందుకు రెండు ఇనుప గుండ్రాలు బిగించి, వాటికి తాటి మట్టల ఆకుపచ్చ వేశాడు. బడిపంతులు బండికి హ్యాండిల్ ముందు పలక పట్టేంత పెట్టె పెట్టి, నీలం వేసి, దాని చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్ల గీత లాగాడు. నన్ను షెడ్డుకు పంపి అరిగిపోయిన నాడె ఒకటి తెమ్మన్నాడు. మగ్గంలో అటూ ఇటూ దారం మోసుకుపోయే ఆ కొయ్య నాడెను నున్నగా రుద్ది, ముందు మడ్‌గార్డు కొసకు పడవ మూతిలాగా బిగించాడు. దారం చుట్టే ఖాళీ కండెలను పూసల్లాగా కోసి, రంగులు వేసి, చక్రం పుల్లలకు గుచ్చాడు. మెల్లగా పోతే అవి టకటకమని జారుతాయి. జోరుగా పోతే అంచుకు పోయి ఊరుకుంటాయి. హ్యాండిల్ పిడులకు తెగిన పడుగు దారాల కుచ్చులు కట్టాడు. మా అవ్వ ఆ బండిని చూసి "పెండ్లి పిల్ల లెక్కున్నది, దిష్టి తీయనా?" అంది. బాపు మాత్రం చాలాసేపు చూసి నాడెను ఒకసారి చేత్తో తడిమాడు. ఇరవై ఏళ్లు చేతిమగ్గం మీద కూర్చున్న మనిషి.

వెనక మడ్‌గార్డు మీద సేటు దుకాణం పేరు తెల్లక్షరాలతో రాసి ఉండేది. మా ఊళ్లో కొత్త బండ్లు అమ్మేది ఆయనొక్కడే. అమ్మిన ప్రతి బండి మీదా తన పేరు రాయించేవాడు. ఉస్తాద్ మొదట చేసే పని ఉప్పు కాగితం పట్టుకుని ఆ పేరును అరగదీయడం.

"ఉండనీయరాదు ఉస్తాద్, మంచిగనే ఉన్నది గదా" అన్నాను నేను.

"బండి ఎవనిది?"

"నాదే."

"మరి ఇంకొకని పేరు నువ్వెందుకు మోస్తవ్? వాడు నిన్ను మోస్తడా?"

ఈ మాట ఊళ్లో తిరిగింది. సేటు చెవికీ పోయింది. ఏ వాడకు పోయినా తన పేరు చెరిగిన బండ్లే ఎదురవుతుంటే ఆయనకు ఎంత మండిందో నాకు అప్పుడు అర్థం కాలేదు. నవ్వుకున్నాం. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఇంకొక పద్ధతి ఉండేది ఉస్తాద్‌కు. ప్రతి సైకిల్‌కూ సీటు కింది గొట్టం మీద కంపెనీ గుద్దిన నంబరు ఉంటుంది. రంగు వేసే ముందు ఆయన ఆ నంబరు మీద మైనం అద్దేవాడు. రంగు ఎండాక మైనం గీకితే, ఎర్ర బండి మీదైనా పచ్చ బండి మీదైనా బొటనవేలంత నల్ల కిటికీ మిగిలి అందులో నంబరు కనబడేది. దాని చుట్టూ సన్నటి బంగారు గీత గీసేవాడు. దానిని తావీజు అనేవాడు. మెడలో తావీజు మనిషిని కాపాడినట్టు ఇది బండిని కాపాడుతుందని. నంబరు కనబడితే ఈ బండి నాదేనని ఎవరి ముందైనా నిలబడి చెప్పవచ్చు. ఆయన చేతిలోంచి తావీజు లేని బండి ఒక్కటీ బయటికి పోలేదు. నాది తప్ప.

ఆ గీత గీసేటప్పుడు ఆయన ఊపిరి పీల్చేవాడు కాదు. ఉడుత తోక వెంట్రుకల కుంచె, మూడు వేళ్లు, చిటికెన వేలు గొట్టానికి ఆనించి, ఒక్క లాగుడు. గీత ముగిసేదాకా మేమూ ఊపిరి బిగబట్టేవాళ్లం. తర్వాత ఆయనకు దగ్గు వచ్చేది. దగ్గి దగ్గి కళ్లలో నీళ్లు తుడుచుకుని "వచ్చిందా సాఫు?" అని అడిగేవాడు. రాకపోవడం నేను చూడలేదు.

నా బండికి రెండో పూత వేసిన రోజు శుక్రవారం. ఆయన నమాజుకు పోయాడు. నేను షిఫ్టు దిగి వచ్చి బండి ముందు కూర్చున్నాను. ఎర్రటి గొట్టం మీద మైనం కింద ఆ నల్ల ముక్క పుండు మీద పొక్కులాగా కనబడింది నాకు. అంతకుముందే రెండుసార్లు అడిగాను వద్దని, ఆయన ఒప్పుకోలేదు. కుంచె అక్కడే డబ్బాలో ఉంది. గోటితో మైనం తీసేసి, ఒక్కసారి కుంచె తిప్పాను. నంబరు మాయమైంది. ఎంత బాగుందని మురిసిపోయాను.

ఉస్తాద్ వచ్చీ రాగానే చూశాడు.

"ఎవడు పూసిండు గిది?"

"నేనే ఉస్తాద్. మచ్చ లెక్క కొడుతున్నది."

"మచ్చనా? నీ తలకాయ. గది లేకుంటే బండి ఎవలదిరా? ఎవడన్న పట్టుకుంటే ఏం చూపిస్తవ్, నీ మొఖమా?" కోపం వచ్చినా ఆయన గొంతు పెరిగేది కాదు, దగ్గు పెరిగేది. "ఇప్పుడు గీకితే పక్కది లేస్తది. రేపు ఎండినంక నేను గీకుత. గప్పటిదాంక బండి ఈడికెళ్లి కదలొద్దు. ఇంటున్నవా?"

విన్నాను. విని, శనివారం పొద్దున్నే, ఆయన ఇంకా లోపల చాయ్ తాగుతుండగానే, చప్పుడు కాకుండా బండిని బయటికి తోలాను. ఆ రోజు అంగడి. ఊరంతా వచ్చే రోజు. రంగు చేతికి అంటుకుంటూనే ఉంది. నేను ఆగలేకపోయాను. ఇరవై రెండేళ్లవాణ్ని, చిన్నపిల్లవాణ్ని కాను. తెలిసే చేశాను.

అంగడిలో రెండు చుట్లు తిరిగి, అందరూ చూశారని నమ్మకం కుదిరాక, బండిని సేటు స్టాండులో పెట్టబోయాను. అక్కడి గుమస్తా చీటీ మీద నంబరులో చివరి మూడంకెలు రాసి ఇస్తాడు. వంగి చూశాడు.

"నంబరేదిరా?"

"ఉంటది, చూడు."

"ఏడుంటది? అంత ఎర్రగనే ఉన్నది."

అంతకు వారం ముందు ఆ స్టాండులోంచి ఒక బండి పోయింది. పోగొట్టుకున్నవాళ్లు రోజూ వచ్చి సేటును నిలదీస్తున్నారు. జవాబు చెప్పాల్సింది ఆయనే. నంబరు లేని బండి అని వినగానే సేటు దుకాణంలోంచి చెప్పులు కూడా వేసుకోకుండా ఉరికి వచ్చాడు. ఎవడు రంగు వేశాడని అడిగాడు. ఉస్తాద్ అన్నాను. మనిషిని పంపించాడు. ఉస్తాద్ చేతిలో కుంచె ఉండగానే నడిచి వచ్చాడు. అంగడి జనం అంతా మూగారు.

"ఏమయ్య సాయిబూ" అన్నాడు సేటు, అందరికీ వినబడేటట్టు, "నంబర్లు మాయం చేసే పని ఎప్పటిసంది పట్టినవ్?"

ఉస్తాద్ నా వైపు చూశాడు. ఒక్కసారే. నేను మడ్‌గార్డు మీది నాడెను చూస్తూ నిలబడ్డాను. మా షెడ్డు యజమాని సేటుకు బామ్మర్ది. నోరు తెరిస్తే సాంచెలు పోతాయని అప్పుడు అనుకున్నానా, లేక ఊరికే భయమేసిందా, ఎంత ఆలోచించినా నాకే తేలలేదు. నా నోరు లేవలేదన్నది మాత్రం నిజం.

"రంగు నా దుకాణంలది సేటూ" అన్నాడు ఉస్తాద్. "జవాబు గూడ నాదే."

అక్కడే మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, టర్పెంటైన్ గుడ్డతో రుద్ది, గోటితో గీకి, నంబరు బయటికి తీశాడు. నేను ఇంటికి ఉరికి రసీదు తెచ్చాను. నంబరు కలిసింది. ఆ బండిని నాకు అమ్మింది సేటే, రసీదు మీద సంతకం ఆయనదే. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "సరే, గిదైతే నీదే. మిగిలినయ్ ఎన్ని మాయం చేసిండో ఎవలకెరుక?" అన్నాడు. పొద్దు గూకకముందే బోర్డు ఎక్కింది.

మరునాడు పొద్దున ఉస్తాద్ నన్ను వెంటబెట్టుకుని స్టాండు దాకా వచ్చాడు. ఆయనకు ఉర్దూ వచ్చు, తెలుగు చదవడం రాదు. నేను చాయ్ హోటల్ పేపర్లు చూసి చూసి అక్షరాలు నేర్చుకున్నవాణ్ని.

"ఏం రాసిండ్రు? సదువు."

చదివాను. ఒక్క మాటా తగ్గించకుండా చదివాను. ఉస్తాద్ చాలాసేపు పైకి చూశాడు.

"అక్షరాలు వంకర పోయినయ్" అన్నాడు. "కింద ఆధారం గీత గీసుకోకుంట రాసిండు. ఎవడో గని పని రాదు వానికి."

తిరిగి వచ్చే దారిలో, పోయి సేటుతో నిజం చెబుతానన్నాను. ఆయన నా బండి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"చెప్పి? రేపు పొద్దుగాల నీ చేతుల నాడె ఉండదు. మీ బాపుకు చూపు సరిగ లేదు. ఏం తింటరు?"

"మరి నీ పేరు ఖరాబైంది గదా?"

"నా పేరు ఏ బండి మీదన్న రాసుకున్ననా? రాయని పేరు ఎట్ల చెరుపుతరు? ఫికర్ చెయ్యకు. రంగు ఎండాలె గని నువ్వు ఎండొద్దు. పో, షిఫ్టుకు ఏళయితుంది."

పోయాను. ఎనిమిది నెలలు ఊరుకున్నాను. ఆయన వద్దన్నాడు కాబట్టి ఊరుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. ఆయన వద్దనడం నాకు ఎంత అనుకూలంగా ఉందో ఇప్పుడు రాస్తుంటే తెలుస్తున్నది.

ఇక దొంగతనం సంగతి. బోర్డు ఎక్కిన పది రోజులకు ఒక రైతు స్టాండుకు వచ్చాడు. కొండగట్టుకు మొక్కు తీర్చుకోవడానికి పోతూ, స్టాండులోంచి తనదే అనుకుని వేరేవాళ్ల బండి తీసుకుపోయాడట. రెండూ నల్లవే, రెండింటికీ సేటు పేరే. రెండు వారాలు అక్కడే ఉండి ఇంటికి పోయాక బ్రేకు తేడా తెలిసి తిరిగి తెచ్చాడు. ఆయన సొంత బండి అన్ని రోజులూ స్టాండులో మూలకు పడి ఉంది. గుమస్తా చీటీ మీద అంకెలు సరిగా చూడలేదు, అంతే జరిగింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను. గుమస్తా నవ్వుతూ అడిగాడు, "ఇగ బోర్డు తీసేద్దామా సేటూ?"

సేటు లెక్కల పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "ఉండనీ తియ్" అన్నాడు. "ఎవలకు అడ్డమున్నది?"

పాఠకులారా, ఈ మాట కోసమే నేను ఇంత దూరం రాశాను. కోపంలో కట్టిన బోర్డు అయితే, కోపం పోయాక దించితే, మనిషి తప్పు చేశాడని ఊరుకోవచ్చు. పోయిన బండి దొరికింది. నంబరు కలిసింది. అంతా తెలిసి, తల కూడా ఎత్తకుండా, ఉండనీ తియ్ అన్నాడు.

మిమ్మల్ని కూడా వదలను. ఆ బోర్డు పడ్డాక మీలో ఎంతమంది ఉస్తాద్ దుకాణానికి వచ్చి "జర నల్లగ కొట్టు ఉస్తాద్, ఎందుకొచ్చిన పరేషాన్" అన్నారో నేను కూర్చుని చూశాను. నీలం బండి బడిపంతులు వచ్చాడు. కల్లు గీసే ఆయన వచ్చి కనీసం సిగ్గుతో తల దించుకున్నాడు. బడిపంతులు అదీ చేయలేదు. "మాకు ఉద్యోగాలున్నయ్ సాయిబు" అన్నాడు. తను వేసిన రంగుల మీద తన చేతులతోనే నలుపు వేయించారు ఆయనతో. వేశాడు. మొక్కుబడి పనిలాగా కాదు, ప్రతిదానికీ రుద్ది, రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఎండబెట్టి. నల్లటి బండ్ల మీద కూడా నంబరు చుట్టూ బంగారు గీత గీశాడు. నాకు కడుపు మండిపోయి, "ఎందుకు చేస్తున్నవ్ గీళ్లకు, ఎల్లగొట్టరాదు?" అని అరిచాను. ఆయన గీత మధ్యలో ఉన్నాడు. ఊపిరి బిగబట్టి ఉన్నాడు. గీత ముగించి, దగ్గి, అప్పుడు అన్నాడు: "బండి వాళ్లది. వాళ్లు నలుపన్నరు. నలుపు గూడ రంగే, మంచిగెయ్యాలె గదా."

నేను ఆయనలాంటి మనిషిని కాను. నాకు ఆ ఓపిక లేదు, రావాలనీ లేదు.

బోర్డు ఆయన్ను చంపిందని నేను రాయను. డాక్టరు ఊపిరితిత్తులన్నాడు. ముప్పై ఏళ్లు టర్పెంటైన్ వాసన పీల్చిన మనిషి. కానీ చివరి మూడు నెలలు దుకాణంలో బండి లేదు. ఖాళీగా కూర్చోలేక ఆయన తన ఇంటి తలుపుకు రంగు వేశాడు. తర్వాత కిటికీలకు. తర్వాత చాచీ ఉప్పు డబ్బాకు, పప్పు డబ్బాకు, కోళ్ల గూటికి. నేను పోయేసరికి కోళ్ల గూటి మీద వంకర లేకుండా పసుపు గీత లాగుతున్నాడు. "కోడికి తావీజు వద్దా ఉస్తాద్?" అన్నాను, ఆయన్ను నవ్వించాలని. "దానికి నంబరేదిరా" అని నవ్వాడు. నేను ఆయన నవ్వు చూసింది అదే ఆఖరుసారి.

నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వాళ్లింటికి పోయాను. చాచీ ఇద్దత్‌లో ఉంది. నాలుగు నెలల పది రోజులు పరాయి మగవాళ్ల ముందుకు రాకూడదు. తెర వెనకనుంచే మాట్లాడింది. నేను చెప్పాలనుకున్నది మొదలుపెట్టకముందే ఆమె అంది:

"నంబరు మీద రంగు పూసింది నువ్వేనని నాకెరుకే."

"ఉస్తాద్ చెప్పిండా చాచీ?"

"ఆయనెందుకు చెప్తడు? కుంచె కడగకుంట డబ్బల పెట్టిపోయినవ్. నా ఇంట్ల కుంచె కడగకుంట పెట్టేటోడు ఇంకెవడున్నడు? గా నాడే అడుగుదామనుకున్న. వద్దన్నడు, పిలగాని బతుకు పోతదన్నడు."

లోపల ఆమె గాజులు లేని చేతులతో ఏవో డబ్బాలు సర్దుతున్న చప్పుడు వచ్చింది.

"ఇద్దత్ అయినంక దుకాణం తెరుస్త" అంది.

"నువ్వా చాచీ?"

"ఎందుకట్ల అడుగుతవ్? మీ మిర్పకాయ ఎరుపు ఎవలు కలిపిండ్రనుకున్నవ్? గా ఎరుపుల ఇంత పసుపు పడాలె, లేకుంటే నెత్తురు లెక్క నల్లబడ్తది. ఆయనకు గీత వచ్చు. రంగు నాది. గీతకు మా అన్న కొడుకు వస్తడు, నేర్పుకుంట." గొంతు మార్చి అడిగింది: "గని గా బోర్డు ఉంటే నా గడపకు ఎవలొస్తరు చెప్పు? నువ్వు ఏమన్న చేస్తవా, ఊకె ఏడ్వనీకి వచ్చినవా?"

అందుకే ఇది రాస్తున్నాను.

సేటూ, ఇది మీరు చదువుతారు. చదవకపోతే మీ గుమస్తా చదివి చెబుతాడు. నంబరు మీద రంగు పూసినవాణ్ని నేను. ఉస్తాద్ కాదు. అంగడి జనం ముందు ఆ రోజు చెప్పాల్సింది, ఇప్పుడు చెబుతున్నాను, అచ్చులో చెబుతున్నాను. మీ బామ్మర్దితో చెప్పి నా సాంచెలు తీయించండి. బాపుతో మాట్లాడాను. "చేతిమగ్గం అటక మీదనే ఉన్నది, దించుదాం" అన్నాడు.

నాకు కావలసింది రెండే. ఆ బోర్డు దిగాలి. మీ గుమస్తా కాదు, మీరు స్వయంగా దించాలి, అంగడి నిండుగా ఉన్నప్పుడు దించాలి. దించాక, ఉస్తాద్ ఏ చోరీ బండికీ రంగు వేయలేదని, ఆ రోజు ఏ గొంతుతో అడిగారో అదే గొంతుతో చెప్పాలి. ఒప్పుకుంటే ఒప్పుకున్నానని, లేకపోతే లేదని, మీ చేతి రాతతో గురువారం సాయంత్రంలోగా గ్రంథాలయంలో పంతులుకు ఇవ్వండి. ఆయన దాన్ని గోడకు అంటిస్తాడు. ఎవరైనా చదువుకోవచ్చు.

జవాబు రాకపోతే, వచ్చే శనివారం పగలు పన్నెండు గంటలకు నిచ్చెన తీసుకుని నేనే వస్తాను.